గెడ్డ పక్క పల్లంలో చేమ: హవాయి వాళ్ల పారే నీటి మడి

వంశధార, నాగావళి దిగువ ఊళ్లలో వరి కూడా సరిగ్గా పండని ఊట పల్లాలు కనబడతాయి. అక్కడ చేమ వేసుకోవచ్చు. మనం పిల్లదుంపని బోదెల మీద పాతుతాం. హవాయి దీవుల్లో మాత్రం దమ్ము చేసిన మడిలో, పారే నీళ్లలో పెంచుతారు. చేమని వాళ్లు కలో అంటారు, మడిని లోయి, కాలువని ఔవాయి. వాళ్ల పురాణంలో చేమ మనిషికి అన్న: చనిపోయి పుట్టిన మొదటి బిడ్డని పాతిన చోట చేమ మొలిచింది, తరవాత పుట్టినవాడు మనుషులకి మూలపురుషుడు. మూడు చేమ రకాల మీద హవాయి విశ్వవిద్యాలయం తీసుకున్న పేటెంట్లని రైతులు ఎదిరించి 2006లో వదిలించారు. అన్న మీద పేటెంటేమిటన్నది వాళ్ల కోపం.

ముందు 2 సెంట్లలో వేసి చూడండి. తల్లిదుంప పెద్దగా ఊరే రకమే మడికి పనికొస్తుంది. పిల్లదుంపల రకం నిలవ నీళ్లలో కుళ్లుతుంది. గెడ్డ ఒడ్డున దానంతటది మొలిచే అడవి చేమ తెచ్చి నాటొద్దు, గొంతు దురద భరించలేరు.

గట్టు అడుగున్నర ఎత్తు ఉండాలి. బాగా మాగిన గత్తం 100 కిలోలు వేసి, అడుగు నుంచి నీరు ఇంకిపోకుండా గట్టిగా తొక్కి దమ్ము చేయాలి. పచ్చి గత్తం వేస్తే నీళ్ల కింద పులిసి వేళ్లు మాడతాయి. నీరు వచ్చే దారి ఒక మూల, పోయే దారి దానికి ఎదురు మూల పెట్టండి. రెండూ ఒకే వైపుంటే మిగతా మడిలో నీరు కదలదు.

నాటేది దుంప కాదు, హులి, అంటే కొద్దిగా దుంప ముక్కతో ఉన్న కాడ. దుంప తవ్వినప్పుడు పైన అర అంగుళం ముక్క, దాని మీద 8 నుంచి 10 అంగుళాల కాడ ఉంచి, ఆకులు కోసేయాలి. దుంప ముక్క మీద గోధుమ రంగు మచ్చ కనిపిస్తే పారేయండి. కోత ఆరేదాకా ఒకట్రెండు రోజులు నీడలో ఉంచి, 2 అడుగుల ఎడంలో 4 అంగుళాల లోతున నిలువుగా గుచ్చాలి. 2 సెంట్లకి సుమారు 200 హులి పడతాయి. మొదటి రెండు వారాలు బురద పదునే చాలు. కొత్త ఆకు విప్పుకున్నాక 2 నుంచి 4 అంగుళాల నీరు పెట్టండి.

అసలు కష్టం నీటితోనే. నీటి వేడి 25 డిగ్రీలు దాటితే పితియం అనే బూజు దుంపని కుళ్లబెడుతుంది. మన ఎండలకి అంత చల్లదనం నిలపలేం, అందుకే నీరు ఆగకూడదు. గడ్డిపరక వేసి చూడండి, కదలాలి. జూలై మొదట్లో నాటి మార్చి చివరికి తవ్వేసేలా 9 నెలల లోపు రకం ఎంచుకోండి. మడిలోంచి పోయిన నీరు మళ్లీ గెడ్డలో కలవాలి. హవాయిలో కాలువ పనికి ఎంత చాకిరీ చేస్తే అంత నీటి వాటా దక్కేది. వాళ్ల భాషలో వాయి అంటే నీరు, వాయివాయి అంటే సంపద. యూరియా చల్లితే రెండు రోజులు నీరు కట్టేయండి, లేకపోతే అది కింది రైతు మడికి పోతుంది.

ఆగస్టు, సెప్టెంబరు ముసురులో ఆకు మాడు తెగులు వస్తుంది. నీటి మచ్చలా మొదలై, వలయాలుగా పెరిగి, వారంలో ఆకుని తినేస్తుంది. 1993లో సమోవాలో అందరూ ఒకే రకం నమ్ముకోవడంతో దాదాపు దేశం మొత్తం చేమ పోయింది. కాబట్టి రెండు మూడు రకాలు కలిపి వేయండి. మచ్చపడ్డ ఆకుల్ని వాన లేనప్పుడు కోసి కాల్చాలి, కాలువలో పడేయకూడదు. భువనేశ్వర్ దుంప పంటల కేంద్రం వాళ్ల ముక్తకేశి రకం ఈ తెగులుని తట్టుకుంటుంది గానీ, దాన్ని మెట్టలో బోదెల మీదే వేయాలి.

కొత్త ఆకులు చిన్నవై, కాడలు పొట్టిపడితే దుంప ఊరినట్టే. ఇంకా ఉంచితే నీరు పట్టి సప్పబడుతుంది.

దురదకి కారణం దుంపలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు. చేతికి నూనె రాసుకుని, తొక్కతోనే మెత్తగా ఉడికించి, తరవాత ఒలవండి. ఆకు కూడా గంట ఉడకాలి. పులుసు మనకి తెలిసిందే. హవాయి వాళ్లు ‘పోయి’ అనే చేమ ముద్ద చేయాలంటే ఉడికిన దుంపని రోట్లో జిగురొచ్చేదాకా దంచి, చెయ్యి తడుపుకుంటూ కొద్దికొద్దిగా నీరు కలపాలి. రెండు మూడు రోజుల్లో పులుస్తుంది. ఎండు నెత్తళ్లతో బాగుంటుంది. గిన్నెలో పైన పలచగా నీళ్లు పోసి ఉంచండి, లేకపోతే పెచ్చు కడుతుంది.