అమెరికా విప్లవయుద్ధ సైనికుడి జీవితాన్ని, సమాధిని వెతికి పట్టుకోవడం ఎలా?

న్యూజెర్సీలోనో మసాచుసెట్స్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లకు పాత చర్చి శ్మశానాలు కొత్త కాదు. మెమోరియల్ డే వస్తే అరిగిపోయిన కొన్ని రాళ్ల పక్కన చిన్న జెండాలు పాతుతారు. వాటిలో 1775–83 యుద్ధంలో పోరాడినవాళ్ల సమాధులూ ఉంటాయి. ఆ పేరు వెనక మనిషిని తెలుసుకోవాలంటే రాయి ఒక్కటే నమ్ముకుంటే కుదరదు. కొన్ని రాళ్లు చనిపోయిన ఎన్నో ఏళ్లకు ఎవరో పెట్టించినవి, కొన్నిటి కింద ఎవరూ లేరు. పేరు రాయి మీద తీసుకోండి, రుజువు కాగితాల్లో వెతకండి.

రాయి దగ్గర రాసుకోవాల్సినవి

పేరు, చనిపోయిన తేదీ, వయసు, భార్య పేరు, చుట్టుపక్కల సమాధుల పేర్లు రాసుకోండి. భార్య రాయి మీద "కన్సార్ట్" అని ఉంటే భర్త బతికుండగా పోయిందని, "రెలిక్ట్" అని ఉంటే వితంతువుగా పోయిందని అర్థం. 1831లో 76వ ఏట పోయాడని ఉంటే 1755 ప్రాంతంలో పుట్టినట్టు, అంటే యుద్ధం మొదలయ్యేనాటికి 20 ఏళ్లవాడు. 1752కు ముందు పుట్టినవారి తేదీలతో జాగ్రత్త. ఆ ఏడాది ఇంగ్లిష్ కాలనీల్లో క్యాలెండర్ మారి తేదీలు 11 రోజులు ముందుకు జరిగాయి, కొత్త సంవత్సరం మార్చి 25కు బదులు జనవరి 1కి వచ్చింది. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు 1731 ఫిబ్రవరి 11 అనీ, 1732 ఫిబ్రవరి 22 అనీ రెండు రకాలుగా కనిపించేది అందుకే.

పింఛను ఫైలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. అమెరికా ప్రభుత్వ పాత పత్రాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఆ యుద్ధ సైనికులు, వారి భార్యలు పింఛను కోసం పెట్టుకున్న దరఖాస్తుల ఫైళ్లు సుమారు 80 వేలు ఎం804 అనే మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయి. ఫ్యామిలీసెర్చ్, ఫోల్డ్3 వెబ్‌సైట్లలో చూడొచ్చు. ఫైలు నంబరు ముందు "ఎస్" ఉంటే అది సైనికుడిది, "డబ్ల్యూ" ఉంటే వితంతువైన భార్యది, "ఆర్" ఉంటే తిరస్కరించినది.

చట్టాలు తెలియకుండా ఫైలు చదివితే తప్పుదారి పడతాం. 1818 చట్టం కాంటినెంటల్ ఆర్మీలో (కాలనీలన్నిటి తరఫున పోరాడిన రెగ్యులర్ సైన్యం) పనిచేసి ఇబ్బందుల్లో ఉన్నవారికే వర్తించింది. మామూలు సైనికుడికి నెలకు 8 డాలర్లు. 1820లో ఆస్తుల జాబితా కూడా ఇమ్మన్నారు, కాబట్టి ఆ ఏటి కాగితాల్లో ఆవులు, కుండలు, అప్పులు, ఇంట్లోవాళ్ల వయసులు దొరుకుతాయి. 1832 చట్టం మిలీషియావాళ్లకూ (పిలిచినప్పుడు వచ్చి పోరాడే స్థానిక దళాలు) తలుపు తీసింది. కనీసం ఆరు నెలల సేవ చూపిస్తే చాలు, పేదరికం రుజువు చేయనక్కర్లేదు. అప్పటి ప్రమాణపత్రాల్లో ఎక్కడ పుట్టాడు, ఏ ఊళ్లో ఉండగా పిలుపొచ్చింది, కెప్టెన్ ఎవరు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నాడు అన్నీ అతని నోటి మాటల్లోనే ఉంటాయి. భార్యల ఫైళ్లలో పెళ్లి రుజువు కోసం చింపి పెట్టిన, కుటుంబ వివరాలు రాసుకున్న బైబిల్ పేజీలు కనిపిస్తాయి.

తిరస్కరించిన ఫైలు చూసి "వీడు సైనికుడు కాదు" అనుకోకండి. ఆరు నెలలకు కొన్ని రోజులు తక్కువైనా, సాక్షి దొరక్కపోయినా తిరస్కరించేవారు. ఫైలు లేకపోయినా ఏమీ తేలదు, ఎందుకంటే 1818కి ముందే పోయినవారు ఎందరో. పైగా 1800 నవంబరులో వార్ డిపార్ట్‌మెంట్ కార్యాలయం తగలబడి పాత దరఖాస్తులు బూడిదయ్యాయి. అలాంటప్పుడు హాజరు పట్టీల నుంచి తర్వాత తయారుచేసిన సేవా కార్డులు (ఎం881), రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడ. ఆ రోజుల్లో సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఊళ్లో ఒకే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అంతే. సంతకం, భార్య పేరు, కెప్టెన్ పేరు, పక్క పొలాలవారి పేర్లు పోల్చిచూడండి. కనీసం రెండైనా కలిస్తేనే ముందుకెళ్లండి. న్యూజెర్సీలో 1790 నుంచి 1820 వరకు జనాభా లెక్కల పత్రాలు దాదాపుగా మిగల్లేదు, కాబట్టి అక్కడ ట్రెంటన్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న పన్ను జాబితాలే దిక్కు.

సమాధి ఏ ఊళ్లో?

పుట్టిన ఊళ్లోనే వెతుకుతూ కూర్చోకండి. కనెక్టికట్ సేనలో పనిచేసిన జోసెఫ్ ప్లమ్ మార్టిన్ 1850లో మెయిన్ రాష్ట్రంలో కన్నుమూశాడు, సమాధి అక్కడే ఉంది. భూమి కోసం యుద్ధం తర్వాత ఎందరో ఇలా దూరాలు వెళ్లారు. 1840 జనాభా లెక్కల్లో పింఛనుదారుల పేరు, వయసు, ఎవరింట్లో ఉంటున్నారో రాశారు. అక్కడి నుంచి ఆ కౌంటీ వీలునామాలు, చర్చి ఖనన పట్టీలు, చివరి పింఛను చెల్లింపు పత్రాలు పట్టుకోండి. చెల్లింపు పత్రంలో చనిపోయిన తేదీ దొరికే అవకాశం ఎక్కువ.

శ్మశానానికి వెళ్లినప్పుడు

ప్రైవేటు పొలంలోని కుటుంబ శ్మశానమైతే యజమానిని అడిగి వెళ్లండి. ఆకులు రాలాక, నవంబరు నుంచి మార్చి లోపు వెళ్తే రాళ్లు కనిపిస్తాయి. అడవిలో నేలంతా పరుచుకున్న వింకా తీగ, వరుసగా తూర్పు–పడమర గుంటలు కనిపిస్తే అక్కడ ఆగి చూడండి. తల వైపు పెద్ద రాయి, కాళ్ల వైపు పొడి అక్షరాలున్న చిన్న రాయి ఉండేవి. చిన్న రాయి జరిగిపోయి వేరే సమాధి మీద కనిపించడం మామూలే.

అక్షరాలు చదవడానికి సుద్ద, షేవింగ్ క్రీమ్, బ్లీచ్, వైరు బ్రష్ వాడొద్దు. పాత ఇసుకరాయి పొరలుపొరలుగా రాలిపోతుంది. అద్దంతో ఎండను పక్క నుంచి రాయి మీదికి కొట్టండి, అక్షరాల నీడ పడి స్పష్టంగా తెలుస్తాయి. పక్కనున్న లోహపు నక్షత్రం మీద జీ.ఏ.ఆర్ అని ఉంటే అది 1861–65 అంతర్యుద్ధం వారిది. గడ్డి కోసేటప్పుడు ఇలాంటివి ఒకచోటి నుంచి మరోచోటికి మారిపోతాయి.

రాయి లేని సమాధికి వెటరన్స్ అఫైర్స్ శాఖ ఉచితంగా రాయి ఇస్తుంది. 40-1330 ఫారం నింపి, సేవకు, ఖననానికి రుజువులు జతచేయాలి. 1917 ఏప్రిల్ 6కు ముందే సేవ ముగిసినవారి కోసం బంధువులు కానివారూ అడగొచ్చు. ఎక్కడ పూడ్చారో కచ్చితంగా తేలని సమాధికి మాత్రం అంచనాతో చోటు చూపించకండి. మీరు చూపిన చోటునే రేపు వచ్చేవారు రుజువుగా తీసుకుంటారు.