జిల్లేడు దగ్గర మొదలయ్యే కథ: పిల్లలకు మోనార్క్ సీతాకోకచిలుక గురించి చెప్పడం ఎలా?

మోనార్క్ సీతాకోకచిలుక హైదరాబాద్‌లో కనిపించదు. అది ఉత్తర అమెరికాది. అయినా దాని కథ మన పిల్లలకు చెప్పడానికి కావలసినదంతా ఖాళీ స్థలాల్లో, చెరువు గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే జిల్లేడు మొక్క మీద ఉంది. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచు, ఆ అంచులో తెల్లని చుక్కలతో దాని చుట్టూ తిరిగే సీతాకోకచిలుక పేరు ప్లెయిన్ టైగర్. అది మోనార్క్‌కు దగ్గరి చుట్టం. మోనార్క్ గొంగళిపురుగు తినే మిల్క్‌వీడ్, మన జిల్లేడు కూడా ఒకే కుటుంబం మొక్కలు. రెండింటినీ తుంచితే పాలు కారతాయి.

కాబట్టి కథను ఫోను తెర మీద మొదలుపెట్టకండి. మొక్క దగ్గర మొదలుపెట్టండి.

1. ముందు మీరు వెళ్లి చూసి రండి

ఎండ వచ్చాక, ఉదయం తొమ్మిది దాటాక వెళ్లండి. రెక్కలు వేడెక్కనిదే సీతాకోకచిలుకలు ఎగరలేవు. జిల్లేడు ఆకుల అడుగు భాగం చూడండి. గసగసం గింజంత తెల్లని గుడ్డు ఒంటరిగా అంటుకుని ఉంటుంది. కొరికిన ఆకు కనిపిస్తే పురుగు దగ్గరలోనే ఉన్నట్టు. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో ఉండే ఆ పురుగు ఒంటి మీద మూడు జతల నల్లని తీగల్లాంటివి ఉంటాయి. మోనార్క్ పురుగుకు రెండు జతలే. ఈ ఒక్క తేడా చెప్పి చూడండి, పిల్లలు లెక్కపెట్టకుండా వదలరు.

జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆకులు తుంచకూడదని, చేతులు కడుక్కునే వరకు కళ్లు నలపకూడదని బయలుదేరే ముందే చెప్పండి. దగ్గరలో జిల్లేడు లేకపోతే కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కో, కేబీఆర్ పార్కుకో వెళ్లవచ్చు. ఏ మొక్క మీద ఏది వాలిందో చూస్తే చాలు.

2. మొదటి కథ: విషం తిని బతికే పురుగు

జిల్లేడు ఆకు మన ఇళ్లకు కొత్త కాదు. వినాయక చవితి పత్రిలో ఉంటుంది, రథసప్తమి నాడు తలమీద పెట్టుకుని స్నానం చేస్తాం. అక్కడి నుంచే అందుకోండి. పశువులు సాధారణంగా ముట్టని ఆ ఆకును ఈ పురుగు ఎందుకు తింటుంది? ఆ విషాన్ని ఒంట్లో దాచుకోవడానికి. రెక్కలు వచ్చాక కూడా విషం ఒంట్లోనే ఉంటుంది. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట ఆ నారింజ రంగును గుర్తుపెట్టుకుని మళ్లీ జోలికి రాదు. మోనార్క్ రక్షణ కూడా ఇదే.

ఈ కథను ఆడించవచ్చు. ఒకరు పిట్ట, ఒకరు ప్లెయిన్ టైగర్, ఇంకొకరు అదే వేషం వేసుకున్న విషం లేని సీతాకోకచిలుక. నిజంగానే అలాంటిది మన దగ్గర ఉంది: డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే జాతిలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది.

3. రెండో కథ: ముత్తాత ఊరికి దారి

దీనికి ఒక సాయంత్రమంతా కేటాయించండి. సంక్రాంతికి ఊరు వెళ్లేటప్పుడు దారి ఎవరికి తెలుసని పిల్లలను అడగండి. నాన్నకు, బస్సు డ్రైవరుకు అంటారు. అప్పుడు మోనార్క్ సంగతి చెప్పండి. చలికాలం రాబోతుండగా కెనడా, అమెరికాల నుంచి అవి మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల అడవికి ఎగురుతాయి. కొన్ని 4,000 కిలోమీటర్లకు పైగా వెళ్తాయి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ ఢిల్లీకి బయలుదేరినంత దూరం. బరువు సుమారు అర గ్రాము. వాటిలో ఏ ఒక్కటీ అంతకు ముందు ఆ అడవిని చూడలేదు. వసంతంలో అక్కడి నుంచి బయలుదేరినవి దారిలో గుడ్లు పెట్టి చనిపోయాయి. వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఉత్తరానికి సాగారు. ఇప్పుడు వెనక్కి వెళ్తున్నవి మునిమనవలు. సూర్యుణ్ని చూసి దిక్కు పట్టుకుంటాయి.

ఆపి, పిల్లలను ఆలోచించనివ్వండి. తర్వాత వెతుకులాట కథ చెప్పండి. కెనడాలో ఫ్రెడ్, నోరా అర్కార్ట్ దంపతులు ఏళ్ల తరబడి రెక్కలకు చిన్న చీటీలు అంటించి, అవి ఎక్కడ దొరికాయో తెలుసుకుంటూ పోయారు. వాళ్లకు సాయం చేస్తున్న ఇద్దరు 1975లో మెక్సికోలో ఆ చెట్లను చేరుకున్నారు. కొమ్మలు వంగేంతగా సీతాకోకచిలుకలు. అక్కడి పల్లెల వాళ్లకు మాత్రం అవి పాత అతిథులే. నవంబరు మొదట్లో, చనిపోయిన పెద్దలను తలచుకునే రోజుల్లో వస్తాయి కాబట్టి పెద్దల ఆత్మలే వచ్చాయని అక్కడ నమ్ముతారు. మహాలయ పక్షంలో కాకికి ముద్ద పెట్టే ఇంట్లో పిల్లలకు ఇది వివరించనక్కరలేదు.

4. కథ కోసం అబద్ధం చెప్పవద్దు

"ప్యూపాలో పురుగు నిద్రపోతుంది" అని నేనూ చాలాకాలం చెప్పాను. అది తప్పు. లోపల పురుగు శరీరం చాలావరకు కరిగిపోయి కొత్తగా రూపుదిద్దుకుంటుంది. పిల్లలు దీన్నే ఎక్కువ ఇష్టంగా వింటారు. ఒక్కోసారి కందిరీగ లోపల గుడ్లు పెట్టి ఉంటే, ప్యూపాలోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగ వస్తుంది. అదీ చెప్పండి. వికారంగా ఉన్న పురుగు అందంగా మారిందని మాత్రం అనకండి. పురుగు వికారమని పిల్లలకు నేర్పేది మనమే.

పురుగును పెట్టెలో పెట్టి ఇంటికి తేవద్దు. నేను ఒకసారి తెచ్చి, ఆకులు అయిపోయాక చేతికి అందిన ఆకేదో వేశాను. అది ముట్టలేదు, రెండు రోజుల్లో చనిపోయింది. పిల్లలు చాలా ఏడ్చారు. బాల్కనీలో కుండీలో కరివేపాకు గానీ నిమ్మ గానీ పెంచండి, మందు కొట్టకండి. పిట్ట రెట్టలా కనిపించే మరో రకం సీతాకోకచిలుక పురుగు దానంతట అదే వచ్చే అవకాశం ఉంది. తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ము లాంటిది చాపి వాసన వదులుతుంది.

5. మళ్లీ అదే మొక్క దగ్గరకు

గుడ్డు దొరికిన కొమ్మకు వదులుగా ఒక దారం కట్టి, పిల్లల చేత నోటు పుస్తకంలో తేదీ రాయించండి. నాలుగైదు రోజుల తర్వాత వెళ్లండి. గుడ్డు ఉండదు, పెంకు కూడా ఉండదు. పుట్టగానే పురుగు తినే మొదటి తిండి అదే. దాని పక్కన ఆకులో గుండుసూది తలంత చిల్లు ఉందేమో వెతకమనండి.