ఈవీలో టచ్ బటన్లు కనబడట్లేదా? ప్యానెల్ మార్పించేముందు అద్దం చూడండి

ఏసీ టచ్ ప్యానెల్ మీద గుర్తులు కనబడట్లేదని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే. "హెడ్‌లైట్ స్విచ్ ఎక్కడ పెట్టి ఉంది?" చాలామంది దగ్గర జవాబుండదు. కారు షోరూమ్ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉందంటారు. ప్యానెల్‌కీ హెడ్‌లైట్‌కీ ఏం సంబంధమని ఎదురు అడుగుతారు. సంబంధమంతా అక్కడే ఉంది.

ఇప్పటి ఎలక్ట్రిక్ కార్లలో, 2023లో వచ్చిన కొత్త నెక్సాన్ ఈవీతో సహా, ఏసీ బటన్లన్నీ దాదాపు ఒక నల్లటి నిగనిగలాడే పలకలోకి వెళ్లిపోయాయి. పలక వెనక చిన్న చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. అవి వెలిగితేనే ఫ్యాన్ గుర్తు, ఏసీ గుర్తు కనబడతాయి. ఆరితే ఉత్త నల్ల పలక. పాత కారులో గుర్తు తెల్ల రంగుతో అచ్చేసి ఉండేది కాబట్టి పగలు లైటుతో పని లేదు, చీకట్లో తడిమినా నాబ్ చేతికి తగిలేది. ఇక్కడ ఆ రెండు ఆధారాలూ లేవు. ఈ ఎల్‌ఈడీలు పగలు గట్టిగా, రాత్రి కళ్లకు గుచ్చుకోకుండా సన్నగా వెలగాలి. పగలా రాత్రా అన్నది ప్యానెల్‌కు తెలియదు. పార్కింగ్ లైట్లు వెలిగాయా లేదా, లైట్ సెన్సర్ ఏమంటోంది, ఈ రెండూ చూసి కారు చెబుతుంది. ఆ చెప్పడంలో తేడా వస్తే కొత్త ప్యానెల్ వేసినా మసకే. స్విచ్ వేయకుండా బల్బు మార్చినట్టే.

పట్టపగలు గుర్తులు కనబడవు, సాయంత్రమైతే బాగానే ఉంటాయి

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఎండలో కారు ఆపి హెడ్‌లైట్ స్విచ్ ఆఫ్‌కి తిప్పండి. ప్యానెల్ ఒక్కసారిగా కాంతి పుంజుకుంటే దానికి ఏ జబ్బూ లేదు. తెల్లవారుజామున పొగమంచులో వేసిన లైట్లు మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోయాయి, అంతే. లైట్లు వేసి ఉన్నాయి కాబట్టి కారు రాత్రి అనుకుని బటన్ల కాంతి తగ్గించింది. ఇకమీద స్విచ్ ఆటోలో పెట్టి వదిలేయండి.

మార్పు రాకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. స్క్రీన్ బ్రైట్‌నెస్ వేరు, బటన్ల బ్రైట్‌నెస్ వేరు. మొదటిది పెంచి రెండోదీ పెరిగిందనుకునేవాళ్లు బోలెడుమంది. బటన్లది లైటింగ్ మెనూలో ఎక్కడో అడుగున ఉంటుంది. కొన్ని కార్లలో పార్కింగ్ లైట్లు వెలుగుతున్నప్పుడే అది పనిచేస్తుంది, కాబట్టి లైట్లు వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి మార్చి చూడండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత, లేదా ఇంట్లో ఇంకొకరి ప్రొఫైల్‌తో కారు నడిపిన తర్వాత మసక మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

స్విచ్ ఆటోలోనే ఉంది, సెట్టింగ్ నిండుగా ఉంది, అయినా మిట్టమధ్యాహ్నం గుర్తులు కనబడట్లేదంటారా? అయితే కారు దిగండి.

ఎవరూ చూడని చోటు: ముందు అద్దం పైభాగం

దిగి, బానెట్ ముందు నిలబడి, లోపలి రియర్ వ్యూ మిర్రర్ వెనక భాగాన్ని ముందు అద్దం గుండా బయటి నుంచి చూడండి. లోపల కూర్చుని చూస్తే ప్లాస్టిక్ తొడుగు తప్ప ఏమీ కనబడదు. ఆటో హెడ్‌లైట్, ఆటో వైపర్ ఉన్న కార్లలో చాలావాటికి అక్కడ, నల్ల చుక్కల అంచు మధ్య వదిలిన ఖాళీలో, నాణెమంత సెన్సర్ ముందు అద్దానికి అతుక్కుని ఉంటుంది. వానా వెలుతురూ రెండూ అదే చూస్తుంది. పక్కన డ్రైవింగ్ సహాయ వ్యవస్థల కెమెరా కూడా ఉండొచ్చు.

ఇప్పుడు మీ ఫాస్టాగ్ ఎక్కడుందో చూడండి.

జాతీయ రహదారుల టోల్ లైన్లన్నిటికీ 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది. ట్యాగ్‌ను అద్దానికి అంటించకుండా చేత్తో పట్టుకుని చూపిస్తే బ్లాక్‌లిస్ట్ చేస్తామని 2025 జూలైలో జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ ప్రకటించింది. దాంతో డ్యాష్‌బోర్డ్ అరలో పడి ఉన్న ట్యాగులన్నీ హడావుడిగా అద్దాల మీదికెక్కాయి. "అద్దం మధ్యలో, మిర్రర్ వెనకాల" అని అందరూ చెప్పే చోటుకే. పాత ఆల్టోలో ఆ చోట ఏమీ ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. సెన్సర్ ఉన్న కారులో మాత్రం ట్యాగ్ నేరుగా దాని కంటి మీద పడుతుంది. పంతంగి టోల్ గేట్ హాయిగా తెరుచుకుంటుంది, ట్యాగ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాబట్టి దాన్నెవరూ అనుమానించరు. ఆ రోజు నుంచి కారుకు మాత్రం ఎప్పుడూ మునిమాపే.

నిర్ధారణకు రూపాయి ఖర్చు లేదు. ఎండలో, చెట్టు నీడ కూడా లేని చోట, స్విచ్ ఆటోలో పెట్టి ఒక మనిషిని బయట నిలబెట్టండి. హెడ్‌లైట్లో టెయిల్ లైట్లో వెలుగుతున్నాయని అతను చెబితే సెన్సర్‌కు వెలుతురు అందట్లేదు. ఇంకో ఆనవాలు వైపర్లు. చినుకులు పడుతున్నా ఆటో వైపర్ కదలకపోవడం, పొడి అద్దం మీద ఊరికే ఊడ్చడం. బటన్ల మసక, వైపర్ పిచ్చి, ఈ రెండూ ఒకే కాలంలో మొదలైతే నేను ఇక వేరే చోట వెతకను. రెండు ఫిర్యాదుల్నీ ఒకే జాబ్ కార్డు మీద రాయించండి. విడివిడిగా చెబితే ఒకరు వైపర్ బ్లేడ్లు మారుస్తారు, ఇంకొకరు ప్యానెల్ ఆర్డరు పెడతారు. ఒక సర్వీస్ సెంటర్లో సరిగ్గా ఇదే జరిగింది. కొత్త ప్యానెల్ వచ్చింది, అదీ మసకే. తర్వాత లైట్లనూ వైపర్లనూ నడిపే కంప్యూటర్ పెట్టెను, అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌ను అనుమానించారు. అద్దం మీది స్టిక్కర్‌ను మాత్రం ఆఖరుదాకా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది కారు భాగం కాదు.

ట్యాగ్‌ను గోకి పక్కకి జరుపుదామనుకోకండి. పీకితే పాడయ్యేలాగే దాన్ని తయారుచేస్తారు, మళ్లీ అంటించినా గేట్ దగ్గర చదవదు. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లోనో కస్టమర్ కేర్‌లోనో రీప్లేస్‌మెంట్ అడగండి, కొత్తది చేతికొచ్చాకే పాతది తీయండి. కొత్తదాన్ని సెన్సర్ గడి నుంచీ కెమెరా చూసే దారి నుంచీ తప్పించి అంటించండి. కారు మాన్యువల్‌లో అద్దం మీద స్టిక్కర్ల చోటు గురించి ఏమైనా రాసి ఉంటే అదే ఖాయం చేసుకోండి.

ఫాస్టాగ్ అడ్డం లేదంటే కథ అయిపోయినట్టు కాదు. అద్దం పైభాగాన ఈ చివర నుంచి ఆ చివరకు పిల్లల పేర్లో ఇంటి పేరో రాయించిన పట్టీ ఉందా? దాని కిందికే వస్తుంది సెన్సర్. ముందు అద్దానికి నల్ల ఫిల్మ్ వేయించారా? ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నది చట్టం. చలాన్ సంగతి అలా ఉంచితే, ముదురు ఫిల్మ్ వెనక సెన్సర్‌కు నాలుగింటికే పొద్దు గుంకుతుంది. రాయి తగిలి అద్దం మార్పించారా? సెన్సర్‌కూ అద్దానికీ మధ్య పారదర్శకమైన జెల్ పొర ఉంటుంది. పాతదాన్నే మళ్లీ అతికించి గాలి బుడగలు వదిలేస్తే వానా వెలుతురూ రెండిట్లో లెక్క తప్పుతుంది. బయటి నుంచి చూస్తే బుడగలు కనబడతాయి. అద్దం వేసినవాళ్ల దగ్గరికే వెళ్లి కొత్త జెల్ పొర వేయమనండి.

కొన్ని కార్లలో ఈ సెన్సర్ డ్యాష్‌బోర్డ్ మీదే, ముందు అద్దం అడుగున, చిన్న నల్ల బొడిపెలా ఉంటుంది. మన డ్యాష్‌బోర్డ్‌ల మీద ఆ చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. వినాయకుడు, వేంకటేశ్వరస్వామి, సెంటు సీసా, టిష్యూ డబ్బా, వీటన్నిటి కింద వెల్వెట్ పరుపు. దేవుణ్ణి తీసేయమనడం లేదు, జానెడు పక్కకి జరపమంటున్నాను. పరుపుకు బొడిపె దగ్గర కత్తెరతో రంధ్రం చేస్తే చాలు.

రాత్రి గుర్తులు అసలు వెలగవు

పార్కింగ్ లైట్లు వేస్తేనే బటన్ల లైటు వెలిగే కార్లూ ఉన్నాయి, కాబట్టి ఇది బటన్ల సమస్య అనుకోకండి. బండి పక్కకు ఆపి వెనక్కి వెళ్లి టెయిల్ లైట్లు చూడండి. హైదరాబాద్ లాంటి ఊళ్లో వీధి దీపాల కింద, ముందు డీఆర్‌ఎల్ (పగలు కూడా వెలిగే చిన్న లైట్లు) వెలుగుతుంటే, లోపల స్క్రీన్లు ధగధగలాడుతుంటే, హెడ్‌లైట్లు వేయలేదని డ్రైవరుకు తెలియదు. చాలా కార్లలో డీఆర్‌ఎల్‌తో పాటు టెయిల్ లైట్లు వెలగవు. పాత కారులో మీటర్ బోర్డు చీకటిగా ఉండి గుర్తు చేసేది, ఇప్పుడా హెచ్చరిక లేదు. మీ నల్ల పలకే ఆ హెచ్చరిక. ఔటర్ రింగ్ రోడ్డు మీద మీ వెనక వచ్చే లారీకి మీరు కనబడట్లేదు.

స్విచ్ ఆటోలోనే ఉన్నా లైట్లు రాకపోతే, డ్యాష్‌బోర్డ్ మీద రాత్రంతా రంగులు మారుతూ వెలిగే విగ్రహమో ఎల్‌ఈడీ తీగో సెన్సర్ పక్కనే ఉందేమో చూడండి. ఆ వెలుగు పడి కారు పగలనుకుంటుంది. లైట్లన్నీ సరిగ్గా వెలుగుతూ ప్యానెల్ ఒక్కటే చీకటైతే అప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. ఏ బటన్లు ఎంతసేపు నొక్కాలో మాన్యువల్‌లో ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఫ్యూజు, తర్వాత ప్యానెల్.

మినుకుమినుకుమంటుంది

బయట ఆటోనగర్‌లోనో ఇంకెక్కడో కారు లోపల అలంకారానికి యాంబియెంట్ లైట్లు వేయించారా? వేయించి ఉంటే ముందు అవి పీకించండి. బటన్ల లైటింగ్ వైరు మీద నుంచి కరెంటు లాగడం వాళ్లకు సులువైన దారి. ఆ వైరు బటన్ల కోసం పెట్టింది, పది అడుగుల ఎల్‌ఈడీ పట్టీ కోసం కాదు. వారంటీ మాట కూడా గుర్తుంచుకోండి.

ఏమీ వేయించలేదంటే 12 వోల్టుల బ్యాటరీ. ఈవీలో పెద్ద బ్యాటరీ ఉండగా ఇదెందుకని అడుగుతారు. లైట్లు, స్క్రీన్లు, తలుపు తాళాలు నడిచేది దాని మీదే. స్టార్ట్ నొక్కాక మీటర్‌లో రెడీ అని రాకముందు మినుకుమని, వచ్చాక నిలకడగా ఉంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం.

అసలు లైటే పెట్టని కార్లు

ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4 తొలి మోడళ్లలో స్క్రీన్ కింద ఉష్ణోగ్రతకూ వాల్యూమ్‌కూ వేలితో జరిపే పట్టీలున్నాయి. వాటికి వెనక లైటే లేదు. అమెరికాలో ఐడీ.4 కొన్న మనవాళ్లు రాత్రిళ్లు తడుముకునేది అందుకే. ఫ్యూజు వెతకకండి, చెడిపోవడానికి అక్కడేమీ లేదు. కంపెనీ 2023లో చూపించిన ఐడీ.7లో ఆ పట్టీలకు లైటు పెట్టింది, ఐడీ.4కు 2024 మోడల్‌తో వచ్చింది. పాత కారు ఉన్నవాళ్లు వాల్యూమ్‌కు స్టీరింగ్ బటన్లు, ఏసీకి మాటతో ఆదేశం అలవాటు చేసుకోవడమే.

ఈ డిజైన్ల మీద నాకు జాలి లేదు. 2022లో స్వీడన్ కార్ల పత్రిక ఒకటి గంటకు 110 కిలోమీటర్ల వేగంలో మామూలు పనులు చేయించి చూస్తే, బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో 10 సెకన్లు పట్టింది, టచ్‌స్క్రీన్ ఉన్న ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.6 సెకన్లు.

మిగిలినవి

స్క్రీన్ ఒక్కటే నల్లబడి బటన్లు బాగుంటే మీ పోలరైజ్డ్ కళ్లద్దాలు తీసి చూడండి. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో స్క్రీన్ తనంతట తానే కాంతి తగ్గించుకోవడం మామూలే, ఏసీ వేసి కాసేపు ఆగండి. పలక మీద డ్యాష్‌బోర్డ్ పాలిష్ రాయకండి, ఆ జిడ్డు మెరుపు ఎండలో గుర్తుల్ని మింగేస్తుంది. తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు, అదీ కారు ఆపేశాక. ఒక్క గుర్తు మాత్రమే ఆరి పక్కవి వెలుగుతుంటే ఆ ఎల్‌ఈడీ పోయింది, వారంటీలో ప్యానెల్ మార్పించుకోండి. కనెక్టర్ వదులవడం, నీళ్లు దిగడం ఉంటాయి కానీ అరుదు. వాటిని మీరు వెతకనక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాక కూడా సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సి వస్తే, ప్యానెల్‌కు ఒప్పుకునేముందు స్కానర్‌లో లైట్ సెన్సర్ రీడింగ్ చూపించమనండి. కారు ఎండలో పెట్టి ఒకసారి, సెన్సర్ మీద బయటి నుంచి గుడ్డ కప్పి ఒకసారి. రెండు అంకెల మధ్య తేడా లేకపోతే ప్యానెల్ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకండి.