మానేసిన సిగరెట్ మళ్లీ మొదలైందా? ముందు తేదీ చెప్పండి

నల్గొండలో బస్టాండ్ దగ్గర్లో నాది మందుల షాపు. పక్కనే ఛాయ్ హోటల్, దాన్ని ఆనుకొని పాన్ డబ్బా. ఆ రెండూ దాటుకొని వచ్చి, "అన్నా, మళ్ల మొదలైంది. ఆ గమ్ము ఇంకో షీట్ ఇయ్యి" అని, సిగరెట్ మాన్పడానికి నమిలే నికోటిన్ గమ్ అడిగేవాళ్లు వారానికి ముగ్గురైనా ఉంటారు. నేనూ పదకొండేళ్లు తాగినవాణ్ణే. రెండుసార్లు మాని రెండుసార్లూ మొదలుపెట్టాను, మూడోసారికి నిలబడింది. కాబట్టి నీతులు చెప్పను. సిగరెట్ మంచిది కాదని పెట్టె మీద 85 శాతం బొమ్మే చెబుతోంది. ఇంట్లో ప్యాకెట్ దాచుకోవద్దు, లైటర్ పారేయండి లాంటివి కూడా మీకు తెలుసనే అనుకుంటున్నాను.

నేను అడిగేది ఒక్కటే: మానేసిన ఎన్నో రోజు మళ్లీ ముట్టించారు?

దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు తక్కువ. "టెన్షన్ ఎక్కువైంది అన్నా" అంటారు. టెన్షన్ మానేసిన రెండో రోజూ ఉంది, నలభయ్యో రోజూ ఉంది. తేదీ చెప్పకుండా గమ్ అడగడం అంటే, బిల్లు కట్టలేదని లైన్‌మన్ వైరు విప్పి పోతే ఇంట్లో ఫ్యూజు మార్చుకుంటూ కూర్చోవడం. శరీరం నికోటిన్ కోసం చేసే గొడవ రెండో, మూడో రోజున బాగా ముదురుతుంది. అక్కడి నుంచి తగ్గుతూ మూడు నాలుగు వారాలకు చాలావరకు సద్దుమణుగుతుంది. అంటే వారంలోపు ఓడిపోతే జబ్బు ఒకటి, నెల దాటాక ఓడిపోతే జబ్బు ఇంకొకటి. మందు ఒకటే ఎట్లా అవుతుంది?

వారంలోపే మళ్లీ ముట్టిస్తున్నారు

ఇది సులువైన కేసు. నికోటిన్ లేక శరీరం అల్లాడుతోంది. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ లేదా బీడీ పడాల్సిందే అనేవాళ్లకు ఇది ఎక్కువ. గమ్ పనికొచ్చేది ఇక్కడే, కానీ పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు నమిలి, ఎక్కిళ్లు వచ్చి, కడుపులో మంట పుట్టి, "ఇది పనిచేస్తలేదు" అని తిరిగొస్తారు. మెల్లగా నమలాలి. నోట్లో కారంగా చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక గమ్ అరగంట రావాలి. నమలడానికి పావుగంట ముందు నుంచి ఛాయ్, కూల్‌డ్రింక్ తాగొద్దు, తాగితే మందు నోట్లో పట్టదు. 2 ఎం.జీ. చాలనివాళ్లకు 4 ఎం.జీ. ఉంటుంది, దానికి డాక్టర్ చీటీ తెచ్చుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఏ డోసైనా డాక్టర్‌ని అడిగాకే వాడాలి.

గుంజుడు వచ్చినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు పాన్ డబ్బా ముందు నిలబడకుండా ఉంటే చాలు.

సిగరెట్ లేదు గానీ గుండె దడ, నిద్ర లేదు, అందరి మీదా అరుపులు

ఇందులో ఛాయ్ పని కూడా ఉంటుంది. నమ్మరు గానీ నిజం. సిగరెట్ పొగ వల్ల ఛాయ్‌లో ఉండే కెఫీన్‌ను లివర్ మామూలుకన్నా చాలా తొందరగా కరిగిస్తుంది. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఆ వేగం తగ్గిపోతుంది. మీరు తాగేది ఎప్పటిలాగే ఆరు కప్పులు, ఒంట్లో నిలిచే కెఫీన్ మాత్రం దాదాపు రెట్టింపు. పైగా సిగరెట్ మానినవాడు చేతులు ఊరికే ఉండలేక ఇంకో రెండు ఛాయ్‌లు ఎక్కువే కొడతాడు. గమ్ వాడుతున్నా కథ ఇదే, ఎందుకంటే కెఫీన్‌ను తొందరగా కరిగించేలా చేసేది పొగే, నికోటిన్ కాదు.

మొన్న ఒక ఆటో తమ్ముడు నిద్రమాత్ర ఇమ్మని వచ్చాడు. రోజుకు ఎన్ని ఛాయ్‌లని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండో చేతికి పోయాడు. సగానికి తగ్గించు, సాయంత్రం నాలుగు దాటాక ముట్టకు అన్నాను. మాత్ర అమ్మలేదు. నాలుగు రోజులకు పడుకున్నాడు.

నెల దాటింది, యాదికి కూడా రాలేదు, ఒక్కరోజులో మళ్లీ మొదలు

నన్ను దెబ్బతీసింది ఇదే, అందుకే దీన్ని విడమరిచి చెబుతాను.

మొదటిసారి కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు రోజుకు పన్నెండు సిగరెట్లు తాగేవాణ్ణి. మొదటి మూడు రోజులు తలనొప్పి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వల్లేమో అనుకున్నాను. పది రోజులకు సిగరెట్ సంగతే మరిచిపోయాను. 41 రోజులు ఒక్కటీ లేదు. శబరిమల పోయొచ్చాం, గుడిలో గురుస్వామి మాల తీశారు. ఇంటికొస్తే అమ్మ మటన్ వండింది. తిని, సాయంత్రం ఫోన్ రీఛార్జ్ చేయించుకుందామని బస్టాండ్ దిక్కు వచ్చాను. పాన్ డబ్బా దగ్గర నా దోస్తు, "ఏం స్వామీ, అయిపోయిందా? ఇగ పేరు పెట్టి పిలవొచ్చా?" అని నవ్వుతూ ప్యాకెట్ చాపాడు. నా చెయ్యి పోయి ఒకటి తీసుకుంది.

నాకు ఆ క్షణాన తాగాలని లేదు. మొదటి దమ్ముకు తల తిరిగింది, నోరు చేదయింది, సగంలో పారేశాను. అయినా నాలుగు రోజుల్లో పన్నెండుకు వచ్చేశాను.

నికోటిన్ గుంజింది అనుకున్నాను. అదే నా తప్పు. 41 రోజులైతే శరీరం చేసే గొడవ ముగిసిపోయినట్టే. నన్ను ఎవరూ గుంజలేదు, ఆపేవాడు లేకుండా పోయాడంతే. నిజం చెప్పాలంటే ఆ 41 రోజులు నేను సిగరెట్ మానలేదు. స్వామి దగ్గర తాకట్టు పెట్టాను, గడువు తీరగానే విడిపించుకొచ్చాను. తర్వాత రెండేళ్లు ఇది తెలియక గమ్ నమిలి దవడలు నొప్పి పెట్టించుకున్నాను. మధ్యలో రెండోసారి మాల వేశాను. మళ్లీ అదే కథ.

తెలిసింది ఉద్దెర పుస్తకం వల్ల. చివరి పేజీల్లో, గమ్ తీసుకుపోయినవాళ్లు ఎప్పుడు మానారో, ఎప్పుడు మళ్లీ వచ్చారో రాసుకునేవాణ్ణి. ఊరికే, అలవాటు కొద్దీ. ఒక రాత్రి షట్టర్ దించే ముందు తిరగేస్తే, తిరిగొచ్చినవాళ్లు ఎట్ల పడితే అట్ల లేరు. సంక్రాంతి అయిన వారంలో ఒక గుంపు, వాళ్లంతా మాల తీసినవాళ్లు. భార్య కడుపుతో ఉందని మాని, బిడ్డ పుట్టి 21వ రోజు వేడుక అయ్యాక వచ్చినవాళ్లు ఇద్దరు. తండ్రికి గుండెలో స్టెంట్ వేశారని భయపడి మాని, ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి వచ్చినాయన ఒకరు. ఛాతీ నొప్పి అని పరీక్షలు చేయించుకొని, రిపోర్ట్ నార్మల్ అని వచ్చిన సంతోషంలో ఆస్పత్రి గేటు బయటే ముట్టించిన మహానుభావుడు ఒకడు. జడ్చర్ల దిక్కు మేస్త్రీ ఒకాయన పుణెలో సైటు మీద ఎనిమిది నెలలు ముట్టలేదు, దసరాకు ఊరికొచ్చి బస్సు దిగగానే మొదలు. అందరూ గట్టివాళ్లే. ఎవరికీ పట్టుదల తక్కువ కాలేదు, మానిన కారణానికి గడువు తీరిపోయింది.

దీంట్లోనే ఇంకో రకం ఉంది, అది ఇంకా మోసం. కారణం వేరేవాళ్లది. మిర్యాలగూడ నుంచి బియ్యం లోడు తోలే డ్రైవర్ ఒకతను, "బిడ్డ మీద ఒట్టేసిన అన్నా, రెండు నెలలు ముట్టలే" అన్నాడు.

"మరి ఏమైంది?"

"ఇంట్ల లొల్లి అయింది. నీ కోసమే మానేసిన, నీకు కదర్ లేదని ఆమె ముందట్నే ముట్టించిన."

ఆమె మీద కోపం వస్తే తీర్చుకోవడానికి ఆయన చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. భార్య కోసం మానినవాడు భార్యతో గొడవైన రోజు ముట్టిస్తాడు. డాక్టర్ కోసం మానినవాడు డాక్టర్‌ని మార్చిన రోజు ముట్టిస్తాడు.

గడువు ఉన్న కారణం పనికిరాదని నేను అనడం లేదు. బండికి సెల్ఫ్ లాంటిది అది. స్టార్ట్ కావడానికి అంతకన్నా మంచిది లేదు. మాల వేసుకున్నవాడికి మొదటి నెల ఎంత తేలిగ్గా గడుస్తుందో నేను చూశాను. అయితే సెల్ఫ్ కొట్టుకుంటూ నల్గొండ నుంచి దేవరకొండ పోలేం కదా. లోపల పెట్రోల్ ఉండాలి.

నేను చెప్పే మరమ్మతు ఇది. ఎందుకు మానుతున్నారో కాగితం మీద ఒక వాక్యం రాయండి. దాని పక్కన, ఇది ఏ రోజుతో అయిపోతుందో రాయండి. తేదీ దొరికిందంటే, మీకు ఆ తేదీలోపు రెండో కారణం కావాలి. అది మీదే అయి ఉండాలి, రోజూ కంటికో ముక్కుకో తగలాలి. పెద్దది కానక్కర్లేదు. క్యాన్సర్ పెద్ద కారణమే, కానీ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి అది ఎవరికీ కనిపించదు. మిల్లులో హమాలీ ఒకాయనకు, మెట్ల మీద బస్తా మోస్తూ మధ్యలో ఆగాల్సిన పని లేకపోవడం. ఇంకొకాయనకు పచ్చి పులుసు వాసన మళ్లీ తెలియడం.

నాది చెబుతాను. ఒకరోజు సిరప్ మూత మీద 5 ఎం.ఎల్. గీత ఒకామెకు వేలితో చూపిస్తున్నాను. ఆమె చంకలో ఏడాదిన్నర పిల్ల. నా చెయ్యి దగ్గరికి రాగానే ఆ పిల్ల ముక్కు ముడిచి, తల్లి భుజంలోకి మొహం దాచుకుంది. జ్వరం మీద ఉంది కదా అనుకున్నాను. తర్వాత గమనిస్తే చాలామంది పిల్లలు అంతే. మూడోసారి మాల వేసుకున్నప్పుడు ముప్పయ్యో రోజు దాకా ఆ సంగతే చూస్తూ కూర్చున్నాను. పిల్లలు మొహం తిప్పుకోవడం లేదు. ఒకడైతే నా వేలు పట్టుకొని మూత లాక్కున్నాడు. ఈ కారణానికి గడువు లేదు, షాపు తెరిచి ఉన్నన్నాళ్లూ ఎవరో ఒక పిల్ల వస్తూనే ఉంటుంది.

రెండో పని, నోరు తెరిచి చెప్పడం. మాలలో ఉన్నప్పుడు మీరు ఎవరికీ వద్దని చెప్పాల్సిన పని లేదు, నల్లబట్టలే చెబుతాయి. సిగరెట్ చాపడానికి ఎవడికీ చెయ్యి రాదు. బట్టలు మార్చిన రోజు నుంచి చెప్పే పని మీ మీద పడుతుంది, మీకేమో అది అలవాటు లేదు. అందుకే మాల తీసే రెండు రోజుల ముందే ఆ దోస్తు దగ్గరికి పోయాను. "ఎల్లుండి మాల తీస్తున్న. నాకు సిగరెట్ ఇయ్యకు. ఇస్తే తీసుకుంటా, అందుకే ముందుగాల చెప్తున్న" అన్నాను. వాడు నవ్వాడు. ఎల్లుండి సాయంత్రం నేను రాగానే ప్యాకెట్ జేబులో పెట్టుకొని రెండు ఛాయ్‌లు చెప్పాడు. మీకు ఎక్కువగా సిగరెట్ ఇచ్చేవాళ్లు ముగ్గురికి మించి ఉండరు, ఆలోచించి చూడండి. ఆ ముగ్గురికి చెబితే చాలు, ఊరంతా చాటక్కర్లేదు.

గడువు తీరిన రోజును మానేసిన మొదటి రోజులాగే చూడండి. అక్కడి నుంచి మూడు రోజులు పాన్ డబ్బా దిక్కు పనులు పెట్టుకోవద్దు. రీఛార్జ్ ఇంట్లో కూర్చొని చేసుకోండి.

మిగతావి

మానేశాక దగ్గు పెరిగిందని కొందరు భయపడి మళ్లీ మొదలుపెడతారు. ఊపిరి గొట్టాల్లో చెత్తను ఊడ్చే సన్నని నూగు మళ్లీ పని మొదలుపెట్టిందని అర్థం. కొన్ని వారాల్లో తగ్గుతుంది. రక్తం పడితే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి పొండి. దగ్గు రెండు వారాలు దాటినా సరే, ప్రభుత్వ దవాఖానలో తెమడ పరీక్ష చేయించుకోండి, టీబీకి ఉచితంగానే చేస్తారు.

మలబద్ధకం, నోట్లో పుండ్లు మానిన కొత్తలో మామూలే. నీళ్లు, ఆకుకూర.

సిగరెట్ మాని ఖైనీ, జర్దా పట్టినవాళ్లు ఏమీ మానలేదు, దుకాణం మార్చారు.

ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్లు, మానసిక జబ్బులకు మందులు వాడేవాళ్లు సిగరెట్ ఆపుతున్నామని డాక్టర్‌కు ముందే చెప్పాలి. పొగ ఆగితే కొన్నింటి డోసు ఒంట్లో ఎక్కువవుతుంది, ఛాయ్ సంగతి లాగే. ఇది నాకు ఇన్నేళ్లలో ఒక్కసారే ఎదురైంది.

రాత్రిపూట గుంజితే నాకు ఫోన్ చేయకండి, పడుకుంటాను. పగలు మాట్లాడాలనిపిస్తే ప్యాకెట్ మీదే ఉంటుంది, పొగాకు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబర్, 1800-11-2356, డబ్బులు పడవు. మీ తేదీలు రాసిపెట్టుకొని చేయండి.