స్లో కుక్కర్‌లో యాపిల్ క్రిస్ప్ ఎలా చేయాలి?

సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది పిల్లల్ని తీసుకుని యాపిల్ తోటలకు వెళ్తారు. చెట్టు నుంచి కోసుకునే సరదాలో సంచి నిండేదాకా ఆగరు. వారం తిరిగేసరికి సగం పళ్లు అలాగే మిగులుతాయి. ఆ పళ్లతో చేయడానికి యాపిల్ క్రిస్ప్ చాలా బాగుంటుంది. కింద దాల్చినచెక్క వాసనతో మెత్తగా ఉడికిన ముక్కలు, పైన వెన్న, ఓట్స్, బ్రౌన్ షుగర్ కలిపిన పొడిపొడి పొర. మామూలుగా దీన్ని ఓవెన్‌లో చేస్తారు. స్లో కుక్కర్‌లో, అంటే సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్‌లో పెడితే మధ్యలో చూసుకునే పని ఉండదు, చుట్టాలొచ్చిన రోజు ఓవెన్ వేరే వంటకి ఖాళీగా ఉంటుంది.

అయితే ఈ కుక్కర్ స్వభావం ముందు తెలియాలి. 1971లో క్రాక్‌పాట్ పేరుతో మార్కెట్లోకి రాకముందు ఇది గింజలు ఉడికించుకునే పాత్రగానే అమ్ముడుపోయేది. దీన్లో ఆవిరి బయటికి పోదు. మూతకి పట్టి, చుక్కలుగా మళ్లీ గిన్నెలోకే పడుతుంది. పప్పుకి, రాజ్మాకి అది మంచిదే. క్రిస్ప్‌ని మాత్రం అదే పాడుచేస్తుంది. మొదటిసారి చేసినప్పుడు అడుగంటుతుందేమోనని అర గ్లాసు నీళ్లు పోశాను. మూత తీసేసరికి పైపొర అంతా ఓట్స్ జావలా అయిపోయింది. అప్పటినుంచి చుక్క నీళ్లు పోయను. యాపిల్‌లో ఉన్న నీరే సరిపోతుంది.

5 లేదా 6 క్వార్టుల (క్వార్టు అంటే దాదాపు లీటరు) కుక్కర్‌కి మధ్యరకం యాపిల్స్ 7 తీసుకోండి, కిలోంపావు దాకా తూగుతాయి. ఆకుపచ్చగా, పుల్లగా ఉండే గ్రానీ స్మిత్ అన్నిటికన్నా నయం, ఉడికినా ముక్క విడిపోదు. హనీక్రిస్ప్ కూడా బాగుంటుంది. మెకింతోష్ వద్దు, గుజ్జైపోతుంది. ఇండియాలో ఉంటే, సిమ్లా యాపిల్ తియ్యగా, మెత్తగా ఉంటుంది కాబట్టి ముక్క కాస్త మందంగా కోసి, నిమ్మరసం పెంచి, చక్కెర తగ్గించండి.

గిన్నె లోపల, ముఖ్యంగా అంచుల దగ్గర, వెన్న బాగా రాయండి. వేడి చుట్టూ ఉన్న గోడల నుంచి వస్తుంది, మాడితే అక్కడే మాడుతుంది. యాపిల్స్ చెక్కు తీసి అరంగుళం మందాన ముక్కలు కోయండి. మరీ పల్చగా కోస్తే కరిగిపోతాయి. వాటికి పావు కప్పు చక్కెర, చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు జాజికాయ పొడి, పెద్ద చెంచాడు నిమ్మరసం, పెద్ద చెంచాడు కార్న్‌ఫ్లోర్ పట్టించి గిన్నెలో పరవండి. కార్న్‌ఫ్లోర్ మానొద్దు, ఊరిన రసాన్ని చిక్కబరిచేది అదే. నేను రెండు యాలకులు కూడా దంచి వేస్తాను.

ఇక పైపొర. కప్పు రోల్డ్ ఓట్స్, ముప్పావు కప్పు మైదా, అర కప్పు బ్రౌన్ షుగర్, చిటికెడు ఉప్పు కలపండి. ఇన్‌స్టంట్ ఓట్స్ అయితే ముద్దవుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని వెన్న, అమెరికాలో ఒక స్టిక్, ఇక్కడైతే 100 గ్రాముల ప్యాకెట్, చిన్న ముక్కలుగా కోసి పిండిలో వేసి వేళ్లతో నలపండి. ఉప్పు వెన్న అయితే విడిగా ఉప్పు వేయకండి. పిడికిట్లో పట్టి నొక్కితే సున్నుండల పిండిలా ఉండ కట్టాలి, వేలితో తాకితే విరిగిపోవాలి. ఆ పదును వచ్చాక ఆపేయండి. దీన్ని ముక్కల మీద వదులుగా చల్లండి, అదమకండి.

ఇప్పుడు అసలు కిటుకు. శుభ్రమైన పొడి నూలు టవల్‌ని గిన్నె మీద బిగుతుగా పరిచి, దానిమీద మూత పెట్టండి. ఆవిరి నీళ్లన్నీ టవల్ పీల్చుకుంటుంది. టవల్ అంచులు కిందికి వేలాడి కుక్కర్ వేడి భాగానికి తగలకుండా మూత మీదికి మడవండి. హై మీద రెండు, రెండున్నర గంటలు, లో మీద నాలుగు గంటలు పడుతుంది. వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది, మూత తీయాలనిపిస్తుంది, తీయకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ పుంజుకోవడానికి 20 నిమిషాలైనా పడుతుంది.

చాకు మొన గుచ్చితే ముక్కలోకి సులువుగా దిగిందంటే ఉడికినట్టే. అప్పుడు మూత, టవల్ తీసేసి హై మీదే ఇంకో అరగంట ఉంచండి. ఓవెన్‌లో వచ్చినంత కరకర రాదు, కానీ అంచులు బాగా ఎర్రబడి, పైన ఓట్స్ పంటికి తగులుతాయి. ఇంకా కరకర కావాలంటే వడ్డించేటప్పుడు వేయించిన బాదం పలుకులు చల్లండి. ఆపేశాక పావుగంట ఆగితే రసం చిక్కబడుతుంది. వేడివేడిగా కప్పులో వేసి పైన వెనిల్లా ఐస్‌క్రీమ్ పెట్టి ఇవ్వండి.

మిగిలితే వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు బాగుంటుంది. తినేముందు మైక్రోవేవ్‌లో వేడి చేసుకోండి. వేడి మీదున్న కుక్కర్ గిన్నెలో మాత్రం చన్నీళ్లు పోయకండి, పింగాణీ పగులుతుంది. అమెరికా నుంచి తెచ్చుకున్న కుక్కర్ 120 వోల్టులది, ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది.