ఫోన్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు

పంజాగుట్టలోనో సికింద్రాబాద్‌లోనో పెద్దాసుపత్రికి అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలంటే ముందు గూగుల్‌లో నంబరు వెతుకుతాం. మోసం అక్కడే మొదలవుతుంది: ఆసుపత్రి పేరుతో మోసగాళ్లు పెట్టిన నంబరు తగలొచ్చు. నంబరు పాత ఓపీ చీటీ మీద చూసుకోండి.

"పది రూపాయలు కట్టండి, టోకెన్ ఖాయం" అంటూ వాట్సాప్‌లో ఫైల్ పంపితే ఆగండి. పేరు చివర ఏపీకే అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలున్నాయా? అది ఫారం కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే మీ బ్యాంకు ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్తాయి. వాళ్లకు కావలసింది ఆ పది రూపాయలు కాదు.

రీఫండ్ రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అడిగితే ఫోన్ పెట్టేయండి.

పొరపాటున ఇన్‌స్టాల్ చేశారా? ముందు మొబైల్ డేటా, వైఫై ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. లావాదేవీ నంబరు, సమయం అడుగుతారు, రాసి పెట్టుకోండి. ఇంట్లో తిడతారని దాచి ఆలస్యం చేయొద్దు. డబ్బు చేతులు మారేకొద్దీ ఆపడం కష్టం.