ఒక్క బ్యాటరీ బండికి టాపు మీద సోలార్: పొద్దున సెల్ఫ్ అందుకోవాలంటే

తిరుపతిలో సాయంత్రం టిఫిన్లు అమ్మే ఆమ్నీ అయినా, చిత్తూరు రోడ్డు పక్కన మామిడికాయలు అమ్మే టాటా ఏస్ అయినా, ఉన్నది ఒక్కటే బ్యాటరీ. రాత్రి పది దాకా లైటూ ఫ్యానూ దాని మీదే నడిస్తే తెల్లారి నలుగురు కలిసి బండి తొయ్యాలి. టాపు మీద ప్యానెల్ పెడితే ఈ బాధ తీరిపోతుందనుకుంటారు. ప్యానెల్ పగలు నింపుతుందే గానీ, రాత్రి ఖాళీ కాకుండా ఆపలేదు. ఆపాల్సింది కంట్రోలర్, అంటే ప్యానెల్‌కూ బ్యాటరీకీ లైట్లకూ మధ్య కూర్చుని కరెంటును అదుపు చేసే చిన్న పెట్టె. అందుకే డబ్బు, శ్రద్ధ రెండూ దాని మీద పెట్టండి.

ముందు లెక్క. బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున ఒక గంట ఇచ్చే కరెంటు) అనుకుందాం. సెల్ఫ్ కోసం చేసిన బ్యాటరీలో ప్లేట్లు పల్చగా ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలా అడుగంటా వాడితే తొందరగా పోతుంది. అందులో 10 ఏహెచ్ వరకే మనది, మిగిలింది సెల్ఫ్‌ది. 10 వాట్ల ఎల్ఈడీ, 15 వాట్ల డీసీ ఫ్యాను అయిదు గంటలు నడిస్తే ఆ వాటా సరిపోయింది. మిక్సీ ఊసెత్తకండి. 750 వాట్ల మిక్సీ ఈ బ్యాటరీ నుంచి 60 ఆంపియర్ల పైనే లాగుతుంది.

36 సెల్స్ ఉన్న 100 వాట్ల 12 వోల్టుల ప్యానెల్ ఒకటి చాలు. నిండు ఎండలో 5.5 ఆంపియర్ల దాకా ఇస్తుంది, ఎండకాసిన రోజున 20 ఏహెచ్ తేలిగ్గా వస్తుంది. కార్తీకంలో వానలు పట్టుకున్న రోజుల్లో మాత్రం ఫ్యాను కట్టేసుకోవడమే.

ప్యానెల్‌ను రేకుకు ఆనించి పెట్టొద్దు. క్యారియర్ మీద అల్యూమినియం యాంగిళ్లు వేసి, కింద 4, 5 సెంటీమీటర్ల సందు వదిలి, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండి, కుదుపులకు వదులు కానివి) బిగించండి. రోహిణి కార్తెలో ప్యానెల్ 70 డిగ్రీలు చేరితే 18 వోల్టులు ఇవ్వాల్సింది 15.5 దగ్గరికి జారుతుంది. బ్యాటరీ నిండడానికి 14.4 కావాలి గనక, సందు లేకుంటే ఉన్న కాస్త తేడా కూడా ఆవిరే. నీడ ఇంకా చెడ్డది. క్యారియర్ మీది గ్యాస్ బండ నీడ ప్యానెల్‌లో సగం మీద పడిందా, వోల్టేజీ 9కి పడిపోతుంది. 9 వోల్టులతో 12 వోల్టుల బ్యాటరీలోకి ఏమీ ఎక్కదు. సగం నీడంటే సగం చార్జింగ్ కాదు, సున్నా.

కంట్రోలర్ 10 ఆంపియర్ల పీడబ్ల్యూఎం రకం (చార్జింగ్‌ను క్షణక్షణం ఆపుతూ వదులుతూ అదుపు చేసేది) సరిపోతుంది. అయితే కొనేముందు ఒకటి చూడండి: లోడ్ (లైటూ ఫ్యానూ) కట్ అయ్యే వోల్టేజీని 12.2కి పెట్టుకోనిస్తుందా? చవక రకాలు 10.7 దాకా ఆగవు, అప్పటికి బ్యాటరీలో సెల్ఫ్‌కు మిగిలేదేమీ ఉండదు. పెట్టుకునే వీలు లేకపోతే విడిగా లో వోల్టేజ్ కటాఫ్ మాడ్యూల్ వేయాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. వైర్లు కలపకముందే మల్టీమీటర్‌ను బజర్‌లో (రెండు చోట్లు లోపల కలిసి ఉంటే మోగే సెట్టింగు) పెట్టి కంట్రోలర్ టెర్మినళ్లు చూడండి. ప్యానెల్, బ్యాటరీ, లోడ్ మూడు ప్లస్‌లూ ఒకదానితో ఒకటి మోగితే అది కామన్ పాజిటివ్ రకం, లోడ్‌ను మైనస్ వైపు కట్ చేస్తుంది. బండి బాడీ అంతా మైనస్సే కదా! లైటు మైనస్ వైరును అలవాటుగా బాడీకి ఎర్తింగ్ ఇచ్చారంటే కరెంటు కంట్రోలర్‌ను తప్పించుకుని పోతుంది. స్క్రీన్ మీద లోడ్ ఆఫ్ అని ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. ప్రతి లైటుకూ, ఫ్యానుకూ రెండు వైర్లూ కంట్రోలర్ దాకా లాగండి. ప్యానెల్ మైనస్‌నూ బాడీకి తగలనివ్వొద్దు.

వైరు 4 స్క్వేర్ ఎంఎం రాగిది. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి మీటరు లోపే ఉండాలి, కానీ ఇంజిన్ వేడి తగలని చోట. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఎక్కడో మధ్యలో వేస్తే అక్కడిదాకా ఉన్న వైరుకు కాపలా లేనట్టే.

ప్యానెల్ మీద గోనెపట్టా కప్పి, ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివర లోడ్ కలపండి. ప్యానెల్ ముందు కలిపితే కంట్రోలర్‌కు 22 వోల్టులు నేరుగా తగిలి కాలిపోవచ్చు. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు. మెకానిక్‌కు ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే ఆయన బ్యాటరీయే ముందు పీకుతాడు. ఆల్టర్నేటర్‌తో పేచీ లేదు. బండి నడుస్తుంటే కంట్రోలర్ తనే చార్జింగ్ తగ్గిస్తుంది, రిలే అక్కర్లేదు.

తెల్లారి స్టార్ట్ చేయకముందు బ్యాటరీ దగ్గర వోల్టేజీ 12.3కు తగ్గకూడదు. మధ్యాహ్నం కంట్రోలర్ 14.4 చూపిస్తూ బ్యాటరీ టెర్మినల్ దగ్గర 13.8 ఉంటే లగ్గు (వైరు చివర బిగించే రాగి ముక్క) వదులైంది, లేదా వైరు సన్నం. నీళ్లు పోసే బ్యాటరీ అయితే వేసవిలో నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి. టెంపరేచర్ సెన్సర్ లేని కంట్రోలర్ అయితే ఎండాకాలం చార్జింగ్ వోల్టేజీ 14.1కి దించండి, నీళ్లు అంత త్వరగా ఇంకవు.